త్సెరింగ్ శాక్య రాసిన టిబెట్ చరిత్ర: చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఇక్కడ మాట్లాడుకుందాం

పాతపుస్తకాలు:
అందరికీ నమస్కారం. మన వేదికలో టిబెట్ మాట ఎప్పుడు లేచినా వెంటనే నెహ్రూ మీదికి, అక్కడి నుంచి ఇప్పటి రాజకీయాల మీదికి మళ్లిపోతోంది. ఆ నేల మనుషులు ఏమనుకున్నారు, ఏ దారి ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అని ఎవరూ అడగడం లేదు. అందుకే ఈసారి ఒక చరిత్రకారుడి పనిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆయన పేరు త్సెరింగ్ శాక్య. లాసాలో పుట్టారు. మావో నడిపిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో చిన్నపిల్లవాడిగా ఉండగానే దేశం దాటి వచ్చారు. ముస్సోరీలో టిబెటన్ పిల్లల బడిలో చదివి, ఆ తర్వాత లండన్‌లో చదువుకున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 1999లో వచ్చిన ‘ద డ్రాగన్ ఇన్ ద ల్యాండ్ ఆఫ్ స్నోస్’ ఆయన ముఖ్యమైన పుస్తకం. 1947 దగ్గర మొదలై 1990ల దాకా నడుస్తుంది.

చైనా చెప్పే కథలో 1950కి ముందు టిబెట్ ఒక నరకం, సైన్యం వచ్చి విముక్తి చేసింది. ప్రవాసంలో చెప్పుకునే కథలో 1950కి ముందు అంతా ప్రశాంతం, ఆపద బయటి నుంచి వచ్చి పడింది. ఈ రెండు కథల్లోనూ టిబెటన్లు చేసేదేమీ ఉండదు. మంచో చెడో, ఎవరో వచ్చి వాళ్లకు చేస్తారు. శాక్య దీన్ని ఒప్పుకోరు. ఆయన పుస్తకంలో టిబెటన్లు వాదించుకుంటారు, బేరాలాడతారు, ఒకరినొకరు అనుమానిస్తారు, లెక్కలు వేసుకుంటారు, ఆ లెక్కలు తప్పుతాయి.

1951 మే నెలే తీసుకోండి. దలైలామాకు అప్పుడు పదిహేనేళ్లు. సిక్కిం సరిహద్దు దగ్గర డ్రోమోలో ఉన్నారు, అవసరమైతే ఇండియాలోకి దాటేయవచ్చని. బీజింగ్‌కు వెళ్లిన ప్రతినిధులు టిబెట్‌ను చైనాలో భాగంగా ఒప్పుకునే 17 అంశాల ఒప్పందం మీద సంతకం పెట్టారన్న సంగతి ఆయనకు రేడియోలో తెలిసింది. సొంత ప్రభుత్వం చేసిన ఒప్పందం గురించి బీజింగ్ రేడియోలో వినడం! అయితే శాక్య అక్కడితో ఆగరు. ఆ తర్వాత డ్రోమోలో జరిగిన వాదనల్లోకి తీసుకెళ్తారు. కొందరు ఇండియా వెళ్దామన్నారు, అమెరికా సాయం చేస్తుందన్నారు. పెద్ద మఠాల అధిపతులు మాత్రం లాసాకు తిరిగి రావాలని పట్టుబట్టారు. మతానికీ దలైలామా హోదాకూ ఒప్పందం హామీ ఇస్తోంది కదా, బతకవచ్చు అనుకున్నారు. ఆగస్టులో దలైలామా లాసాకు తిరిగి వెళ్లారు. ఇందులో బలవంతం ఉంది, ఎంపికా ఉంది. రెండింటినీ కలిపి చెప్పడం ఎంత కష్టమో ఈ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

చదివినవాళ్లు రాయండి. చదవనివాళ్లు అడగండి.

సిక్కోలు_శీను:
మంచి చర్చ అన్నా. మాది శ్రీకాకుళం జిల్లా. ఒడిశాలోకి దాటి చంద్రగిరి, జిరంగ వైపు మా కుర్రాళ్లందరం బైకుల మీద వెళ్తుంటాం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పెద్ద బౌద్ధారామం ఉంది అక్కడ. చుట్టూ మొక్కజొన్న చేలు. ఫొటోలు దిగుతాం, మోమోలు తింటాం, వచ్చేస్తాం. అక్కడి టిబెటన్లు 1963 నుంచి ఆ కొండల్లో ఉన్నారని పోయినసారే తెలిసింది. అంటే మా నాన్న పుట్టకముందు నుంచే మా పక్కన ఉన్నారు, వాళ్ల గురించి మాకేమీ తెలియదు.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. 1950కి ముందు టిబెట్ స్వతంత్ర దేశమా, కాదా?

రిటైర్డ్_లెక్చరర్:
శీనూ, నడిచిన తీరు చూస్తే అవును. కాగితం మీద అయితే పెద్ద దేశాలేవీ ఆ మాట అనలేదు.

1911 విప్లవంతో చైనాలో చింగ్ వంశం కూలింది. లాసాలో ఉన్న చైనా సైనికులను టిబెటన్లు వెళ్లగొట్టారు. డార్జిలింగ్‌లో తలదాచుకున్న 13వ దలైలామా 1913లో లాసా తిరిగి వెళ్లి, ఇక మా పాలన మాదే అని ప్రకటించారు. అక్కడి నుంచి 1950 దాకా సొంత సైన్యం, సొంత నాణేలు, సొంత తపాలా బిళ్లలు, సొంత పన్నులు. 1947లో ఢిల్లీలో జరిగిన ఆసియా సంబంధాల సదస్సుకు తమ జెండాతో వచ్చారు. 1948లో శాకబ్‌పా నాయకత్వంలో ఒక వాణిజ్య బృందం టిబెట్ పాస్‌పోర్టులతో అమెరికా, బ్రిటన్ తిరిగి వచ్చింది.

బ్రిటన్ మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. టిబెట్‌తో నేరుగా వ్యవహరిస్తూనే, దాని మీద చైనాకు ఒక రకమైన పైచేయి ఉందని కూడా అంటూ వచ్చింది. స్వయంపాలన ఉంటే చాలు, స్వాతంత్ర్యం అనే మాట వద్దు అన్నది వాళ్ల విధానం. స్వతంత్ర భారతదేశానికి వారసత్వంగా వచ్చింది ఆ గజిబిజే.

దీంతో మనకొక ముడి ఉంది. 1914లో సిమ్లాలో మెక్‌మహాన్ రేఖకు ఒప్పుకుంది లాసా ప్రతినిధి లోన్‌చెన్ షత్ర. చైనా ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చింది. లాసాకు అసలు ఒప్పందాలు చేసుకునే హక్కే లేదంటే అరుణాచల్ సరిహద్దు మీద మన వాదన బలం తగ్గుతుంది. 1960లో ఇరుదేశాల అధికారులు సరిహద్దు కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు మన వైపు ఆ చరిత్ర పనిలో ఉన్నది విదేశాంగ శాఖ చరిత్ర విభాగం అధిపతి సర్వేపల్లి గోపాల్. అప్పటికి మనం 1954 ఒప్పందంలో ‘చైనా టిబెట్ ప్రాంతం’ అని రాసి ఇచ్చి ఆరేళ్లయింది.

అరుణపాఠకుడు:
అందరికీ నమస్తే. నేను వేరే వైపు నుంచి వస్తున్నాను, అది దాచను. మా ఇంట్లో నాన్నగారు చైనా నుంచి వచ్చే రంగుల పత్రికలు భద్రంగా దాచుకునేవారు. వెట్టి నుంచి విడుదలైన రైతు చేతిలో భూమి కాగితం పట్టుకుని నిలబడ్డ బొమ్మలు చూస్తూ పెరిగాను. 1959లో మన దేశంలో కమ్యూనిస్టు పార్టీ కూడా చైనా వైపే మాట్లాడింది.

తెలంగాణ సాయుధ పోరాటం చదివినవాళ్లకు వెట్టిచాకిరీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. టిబెట్‌లో భూమంతా ప్రభుత్వం, మఠాలు, కులీన కుటుంబాల చేతుల్లో ఉండేది. రైతులు ఎస్టేటుకు కట్టుబడి ఉండేవారు. అధికారులు ప్రయాణిస్తే గుర్రాలు, కంచరగాడిదలు, మనుషులు ఊరివాళ్లే ఉచితంగా ఇవ్వాలి. ఇది చైనా కట్టుకథ కాదు కదా? శాక్య దీన్ని దాటేశారా? దాటేస్తే ఆ చరిత్ర నాకొద్దు.

కాకతీయ_వాణి:
అరుణపాఠకుడు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. దాటేయలేదండీ. మఠాలూ కులీనులూ మార్పుకు ఎలా అడ్డం పడ్డారో శాక్యా రాశారు, అమెరికా పరిశోధకుడు గోల్డ్‌స్టీన్ ఇంకా వివరంగా రాశారు. 13వ దలైలామా 1920ల్లో సైన్యాన్ని ఆధునికంగా పెంచబోతే, ఆ ఖర్చు తమ ఎస్టేట్ల మీద పడుతుందని మఠాలు ఎదురు తిరిగాయి. గ్యాంత్సేలో 1923లో పెట్టిన ఇంగ్లీషు బడి 1926లో మూతపడింది. 1944లో లాసాలో ఇంకో బడి పెడితే అది కొన్ని నెలలే నిలిచింది. మతానికి హాని అని భిక్షువులు గొడవ చేశారు. బయటి ప్రపంచంతో మాట్లాడగలిగే మనుషుల్ని తయారు చేసుకునే దారిని వాళ్లే మూసుకున్నారు.

అయితే మీ నాన్నగారి పత్రికలు చెప్పని ఒక విషయం ఉంది. 1951లో సైన్యం లాసా చేరాక మధ్య టిబెట్‌లో వెట్టిని రద్దు చేయలేదు. 17 అంశాల ఒప్పందం ఉన్న వ్యవస్థను అలాగే ఉంచుతామని రాసిచ్చింది. చైనా అధికారులు అక్కడ పనిచేసింది కులీనులతో కలిసే. వాళ్లకు పదవులు, వెండి డాలర్లలో జీతాలు. భూసంస్కరణ వచ్చింది 1959 తర్వాత, తిరుగుబాటు అణిచాక. విముక్తి కోసమే వచ్చి ఉంటే ఎనిమిదేళ్లు ఎందుకు ఆగారు? ఎందుకంటే వచ్చిన పని భూభాగాన్ని కలుపుకోవడం. శాక్య ఇది కోపంగా చెప్పరు, తేదీలు వరసగా పెట్టి చూపిస్తారు.

అరుణపాఠకుడు:
ఎనిమిదేళ్ల విషయం ఆలోచించాల్సిందే. అయినా పైవర్గాన్ని కలుపుకుని నెమ్మదిగా మార్చడం ఒక వ్యూహం అని కూడా అనవచ్చు కదా. పుస్తకం తెప్పించుకుంటున్నాను. చదివి మాట్లాడతాను.

పాతపుస్తకాలు:
వాణి గారు గోల్డ్‌స్టీన్ పేరెత్తారు కాబట్టి చాందో సంగతి చెప్పాలి. 1950 అక్టోబరులో చైనా సైన్యం ద్రిచు (యాంగ్సీ) నది దాటి తూర్పు టిబెట్‌లోకి వచ్చింది. అక్కడి ముఖ్య పట్టణం చాందోలో గవర్నర్ న్గాబో న్గవాంగ్ జిగ్మే. ఆయన దగ్గర ఉన్నది కొద్ది సైన్యం, లాసాతో మాట్లాడటానికి ఒక వైర్‌లెస్. సందేశం మీద సందేశం పంపుతున్నారు, జవాబు లేదు. చివరికి ఆయన సహాయకుడు లాసాలో ఉన్న అధికారిని వైర్‌లెస్‌లో పట్టుకుని, ఏం చేయమంటారో చెప్పండి అంటే, మంత్రిమండలి వాళ్లు వనభోజనాల్లో ఉన్నారు, సందేశం విప్పుతున్నారు, తర్వాత చెబుతాం అన్నారట. ఇవతలి మనిషి ఆ వనభోజనాలను బూతు మాటతో తిట్టి పెట్టేశాడు. అక్టోబరు 19న చాందో పడిపోయింది. లాసా ఎంత నిద్రలో ఉందో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

శాక్య ఈ నిద్రకు కారణాల్లోకి వెళ్తారు. 1933లో 13వ దలైలామా పోయాక రాజప్రతినిధుల పాలన. రెటింగ్, తక్త్రా అనే ఇద్దరు రాజప్రతినిధుల వర్గాల మధ్య పగ. 1947లో రెటింగ్ రింపోచే పోటలా జైల్లో చనిపోయారు. అదే ఏడు ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చింది, చైనాలో అంతర్యుద్ధం ముదిరింది. చుట్టూ లోకం తలకిందులవుతుంటే లాసా ఇంటి గొడవల్లో ఉంది.

బెజవాడ_బుక్స్:
గోల్డ్‌స్టీన్ చదవాలా, శాక్య చదవాలా? రెండూ చదివే ఓపిక లేదు.

కాకతీయ_వాణి:
ఇద్దరి పనీ వేరు. మెల్విన్ గోల్డ్‌స్టీన్ అమెరికాలో మానవశాస్త్ర ఆచార్యులు. 1989లో మొదటి సంపుటం, 2019లో నాలుగోది. ముప్ఫై ఏళ్ల శ్రమతో 1913 నుంచి 1959 దాకా వచ్చారు. ఒక్కో సమావేశం, ఒక్కో ఉత్తరం, ఒక్కో వ్యక్తి మాట. 1980ల నుంచి టిబెట్ లోపలికి వెళ్లి ఇంటర్వ్యూలు చేసే అవకాశం ఆయనకు దొరికింది. చైనా అనుమతి దొరికిందంటే ఏదో రాజీ ఉందని ప్రవాసుల్లో కొందరి విమర్శ. మొదటి సంపుటం చదివితే లామాల పాలనను ఆయన ఎంత కఠినంగా చూశారో తెలుస్తుంది, అయితే సాక్ష్యం లేకుండా మాత్రం మాట్లాడలేదు.

శాక్య 1959 దగ్గర ఆగరు. 1962లో దలైలామా తర్వాతి పెద్ద లామా అయిన పంచెన్ లామా ఇచ్చిన విజ్ఞప్తి, 1965లో స్వయంప్రతిపత్తి ప్రాంతం ఏర్పాటు, సాంస్కృతిక విప్లవం, 1980లో చైనా పార్టీ నాయకుడు హు యావోబాంగ్ లాసా పర్యటన, 1987 నిరసనలు, 1989 మార్చిలో సైనిక పాలన, 1995లో పంచెన్ లామా వివాదం, అన్నీ ఒకే చేతి మీదుగా నడుస్తాయి. ఒక్కటే చదవగలిగితే శాక్య చదవండి. 1950వ దశకం మీద మనసు పడితే అప్పుడు గోల్డ్‌స్టీన్ దగ్గరికి వెళ్లండి.

రిటైర్డ్_లెక్చరర్:
ఇంకో మాట కలుపుతాను. ఆధారాల సంగతి. లాసా ప్రభుత్వ దస్తావేజులు లాసాలోనే ఉన్నాయి, స్వతంత్ర పరిశోధకులకు తలుపులు తెరుచుకోవు. మన విదేశాంగ శాఖ కాగితాలూ చాలాకాలం బయటికి రాలేదు. ఇలాంటి చోట చరిత్రకారుడు ఏం చేయాలి? శాక్య లండన్‌లోని ఇండియా ఆఫీసు దస్త్రాలు, బ్రిటిష్, అమెరికన్ దౌత్య నివేదికలు, చైనా పత్రికలు, రేడియో ప్రసారాల పాఠాలు, ప్రవాసంలోని పాత అధికారుల మాటలు, టిబెటన్‌లో అచ్చయిన జ్ఞాపకాలు, అన్నీ పక్కపక్కన పెట్టి ఒకదానితో ఒకటి సరిచూస్తారు.

చిన్న ఉదాహరణ. 17 అంశాల ఒప్పందం మీద ముద్రలు నకిలీవి అని ప్రవాసంలో చాలాకాలం చెప్పుకున్నారు. శాక్య చెప్పేది ఇంకాస్త సూక్ష్మంగా ఉంటుంది. ముద్రలు బీజింగ్‌లో కొత్తగా చేయించినవే. కానీ బీజింగ్ వెళ్లిన బృందానికి నాయకుడైన న్గాబో దగ్గర తూర్పు టిబెట్ గవర్నర్ అధికార ముద్ర ఉండి కూడా ఆయన దాన్ని బయటికి తీయలేదు. ఒక మనిషి బెదిరింపుల మధ్య కూర్చుని, తన దగ్గరున్న ముద్రను వేయకుండా ఉండటం. ‘నకిలీ’ అన్న ఒక్క మాటతో సరిపెడితే ఈ మనిషి మనకు కనబడడు.

హిమగిరి:
ఇంత సేపటికీ అసలు సంగతి రాలేదు. ఐక్యరాజ్యసమితిలో మనం ఏం చేశామో ఎవరూ రాయరేం? 1950 నవంబరు 7న టిబెట్ ఐరాసకు మొరపెట్టుకుంది. ఎక్కడో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ ఆ అంశాన్ని ఎత్తుకుంది. మనమూ, బ్రిటనూ వాయిదా వేయించాం. సరిగ్గా అదే రోజు, నవంబరు 7న, సర్దార్ పటేల్ నెహ్రూకు చైనా గురించి హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. ఇంటి పక్కవాడు తలుపు తడితే మనం తీయలేదు.

రిటైర్డ్_లెక్చరర్:
హిమగిరి గారూ, మీ బాధ నిజమైనది, తేదీలూ సరైనవే. నాకూ ఆ నవంబరు పేజీలు చదవడం కష్టంగానే ఉంటుంది. కానీ శాక్య ఇక్కడ కూడా ఒక్కరి మీద భారం వేసి వదిలేయరు. అప్పుడు కొరియాలో యుద్ధం నడుస్తోంది. బ్రిటన్‌కు హాంకాంగ్ భయం. ఢిల్లీ ఏం చేస్తే అది చూద్దామని లండన్, వాషింగ్టన్ కూర్చున్నాయి. శాంతియుతంగా తేలుతుందన్న ఆశ ఉంది అని ఢిల్లీ ప్రతినిధి చెప్పారు, అందరికీ అది తప్పించుకునే దారి అయింది. ఐరాస సర్వసభ్య సభ టిబెట్ మీద తీర్మానాలు చేసింది 1959, 1961, 1965ల్లో. 1965 నాటి తీర్మానానికి మనమూ ఓటేశాం. అప్పటికి 1962 చైనా యుద్ధం జరిగిపోయింది.

లాసాలో చైనా సైన్యానికి తిండి కూడా ఒక దశలో మన మీదుగానే వెళ్లింది. టిబెట్‌కు రోడ్లు పూర్తయింది 1954 డిసెంబరులో. అంతకుముందు 1952లో లాసా చేరిన బియ్యం కలకత్తా రేవు నుంచి సిక్కిం దారిలో వెళ్లింది, ఢిల్లీ అనుమతితో. ఇది చాలామందికి తెలియదు.

అదే సమయంలో, 1959లో దలైలామా వచ్చినప్పుడు ఆశ్రయం ఇచ్చింది కూడా ఆ నెహ్రూనే. బడులు పెట్టించారు, రాష్ట్రాల నుంచి భూమి ఇప్పించారు. కర్ణాటకలో బైలకుప్ప, ఒడిశాలో చంద్రగిరి టిబెటన్ కాలనీలు అలా వచ్చినవే. రెండు పేజీలూ ఒకే పుస్తకంలోవి.

నిర్వాహకులు:
అక్సాయ్ చిన్ మీద వచ్చిన పోస్టులను సరిహద్దు చర్చలోకి మార్చాం. ఇక్కడ టిబెట్ చరిత్ర రచన గురించే కొనసాగించండి.

అరుణపాఠకుడు:
పుస్తకం చేతికొచ్చింది. 1959 మార్చి 10 దాకా చదివాను. ఒక విషయం నన్ను ఆపేసింది. దలైలామాను చైనా సైనిక శిబిరంలో నాట్య ప్రదర్శనకు అంగరక్షకులు లేకుండా రమ్మన్నారన్న పుకారు లేచి, లాసా జనం దలైలామా వేసవి భవనం నోర్బులింగ్కా చుట్టూ చేరారు. చైనావాళ్లతో కలిసిపోయాడన్న అనుమానంతో ఒక టిబెటన్ అధికారిని కొట్టి చంపారు. శాక్య ప్రకారం ఆ జనం కోపం చైనా మీద మాత్రమే కాదు, తమ పైవర్గం మీద కూడా. మా దలైలామాను ఈ పెద్దమనుషులు అమ్మేస్తున్నారని వాళ్లకు అనిపించింది.

నేను విన్న కథలో 1959 అంటే భూస్వాముల తిరుగుబాటు. ఇక్కడ చూస్తే భూస్వాముల్ని నమ్మని సామాన్య జనం వీధుల్లో ఉన్నారు. నా లెక్కల్లో ఇది ఎక్కడా ఇమడటం లేదు.

కాకతీయ_వాణి:
మీరు అలా రాయడం చాలా సంతోషంగా ఉంది. దీనికి వెనక 1956 ఉందండీ. 17 అంశాల హామీలు లాసా పాలన కింద ఉన్న ప్రాంతానికే వర్తించాయి. తూర్పున ఖామ్, ఆమ్దోల్లో చాలా భాగం అప్పటికే సిచువాన్, చింగ్‌హై వంటి రాష్ట్రాల్లో కలిసి ఉంది. అక్కడ సంస్కరణలు ముందే మొదలుపెట్టారు. తుపాకులు అప్పగించమన్నారు, మఠాల మీద చేయి వేశారు. జనం తిరగబడ్డారు. 1956లో లిథాంగ్ మఠం మీద విమానాలతో బాంబులు వేశారు. అక్కడి నుంచి పారిపోయిన వేలమంది లాసా చుట్టుపక్కల గుడారాలు వేసుకుని ఆ కథలు చెప్పారు. 1958లో చుషి గాంగ్‌ద్రుక్ అనే తిరుగుబాటు దళం పుట్టింది. అమెరికా శిక్షణా వచ్చింది, అయితే తిరుగుబాటుకు కారణం అది కాదు, మొదలయ్యాక చేరింది. లాసా పెద్దలకు ఖామ్ వాళ్లంటే భయం, ఖామ్ వాళ్లకు లాసా పెద్దలంటే నమ్మకం లేదు. మార్చి 10న వీధుల్లోకి వచ్చిన కోపంలో ఈ మూడేళ్లూ ఉన్నాయి.

బెజవాడ_బుక్స్:
ఒక సందేహం. 1969లో న్యేమోలో ఒక భిక్షుణి నాయకత్వంలో తిరుగుబాటు జరిగిందని చదివాను. శాక్య ఒకటి చెప్తారు, గోల్డ్‌స్టీన్ ఇంకొకటి. ఎవరిది నమ్మాలి?

రిటైర్డ్_లెక్చరర్:
అసలైన చోట చేయి పెట్టారు. ఆమె త్రిన్లే చోద్రోన్. దేవత ఆవహించిందని చెప్పేది. ఆమె అనుచరులు సైనికుల మీద, స్థానిక కార్యకర్తల మీద ఘోరంగా దాడి చేశారు, చాలామందిని చంపారు. తర్వాత ఆమెకు మరణశిక్ష వేశారు.

శాక్య దీన్ని తమ మతాన్నీ బతుకునూ సర్వనాశనం చేస్తుంటే ప్రజలు చివరి దిక్కుగా దేవతల వైపు తిరిగిన తిరుగుబాటుగా చూశారు. గోల్డ్‌స్టీన్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2009లో ఒక పుస్తకమే రాశారు. స్థానిక కాగితాలు, ఇంటర్వ్యూలు చూసి ఆయన చెప్పింది: అప్పుడు టిబెట్‌లో మావో యువదళాలైన రెడ్ గార్డులు గ్యెన్‌లోగ్, న్యామ్‌డ్రెల్ అని రెండు వర్గాలుగా కొట్టుకుంటున్నారు. కమ్యూన్లు వద్దన్న, ధాన్యం పన్ను తగ్గించాలన్న రైతుల అసంతృప్తిని గ్యెన్‌లోగ్ నాయకులు వాడుకున్నారు, భిక్షుణి పలుకుబడిని కూడా. కాబట్టి అది స్వాతంత్ర్య తిరుగుబాటు కాదు అని.

న్యేమో లోపల ఏం జరిగిందన్న దాంట్లో గోల్డ్‌స్టీన్ ఆధారాలే గట్టివి అని నా అభిప్రాయం. శాక్య రాసేనాటికి ఆ కాగితాలు ఎవరికీ అందలేదు. కానీ వర్గపోరు నాయకులు పిలిస్తే రైతులు ఎందుకు కదిలారు, దేవత పేరు చెబితే ఎందుకు ప్రాణాలిచ్చారు అని అడిగితే మళ్లీ శాక్య దగ్గరికే రావాలి. చైనాలో వర్గపోరు అన్నిచోట్లా జరిగింది. టిబెటన్ల పురాణ వీరుడు గెసర్ పరివారం మమ్మల్ని ఆవహించిందని యుద్ధానికి దిగింది న్యేమోలో.

అరుణపాఠకుడు:
సాంస్కృతిక విప్లవంలో గుళ్లు కూల్చింది టిబెటన్లే అని చైనా రచయిత ఒకరు రాశారని విన్నాను. నిజమేనా?

కాకతీయ_వాణి:
వాంగ్ లీషియోంగ్. ప్రభుత్వ మనిషి కాదు, ప్రభుత్వాన్ని విమర్శించే రచయితే. 2002లో ఒక బ్రిటిష్ వామపక్ష పత్రికలో వ్యాసం రాశారు. రైతులు పాత దేవుళ్ల స్థానంలో మావోను కూర్చోబెట్టుకున్నారని, అందుకే తమ చేతులతోనే గుళ్లు కూల్చారని ఆయన వాదన. తర్వాతి సంచికలో శాక్య జవాబు ఇచ్చారు. శాక్య రాసిన వాటిలో అంత వేడిగా ఉన్నది నేను ఇంకోటి చదవలేదు. ఆ రోజుల్లో చైనా అంతటా జనం తమ గుళ్లు తామే కూల్చారు, దానికి చైనావాళ్ల మనస్తత్వంలో కారణం ఎవరూ వెతకలేదు, టిబెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేవుడంటే భయపడే అమాయక రైతు అనే బొమ్మ ఎందుకు వస్తోంది అని నిలదీశారు. ఏలినవాళ్లు ఏలబడినవాళ్లను చూసే చూపు అది అన్నారు. చేయకపోతే ఏమవుతుందో తెలిసి చేసిన పనిని ఇష్టంగా చేసిన పని అనలేం కదా.

కొందరు టిబెటన్ యువకులు నిజంగా నమ్మి చేశారు కూడా. పాత వ్యవస్థ మీద వాళ్ల కోపానికీ కారణాలున్నాయి. శాక్య దీన్ని కాదనరు.

ఆటోనగర్_ఆనంద్:
పెద్ద చర్చ మధ్యలో చిన్న ప్రశ్న. చలికాలం మా ఊళ్లో స్వెట్టర్లు అమ్మడానికి టిబెటన్లు వస్తారు. ఏటా ఒకే అమ్మ దగ్గర కొంటాం. హిందీలో రెండు మాటలు, బేరం, అంతే. ఇదంతా చదివాక ఈసారి ఆమెను అడగాలనిపిస్తోంది. ఏం అడగొచ్చు?

సిక్కోలు_శీను:
అన్నా, మేము చంద్రగిరిలో ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాం. రాజకీయం అడగలేదు. మీ ఊరు ఎలా ఉండేది అని అడిగాం. ఆయన యాక్‌ల గురించి మొదలుపెట్టి, ఏ కనుమ దాటి వచ్చారో, దారిలో ఏం తిన్నారో చేతి కర్రతో నేల మీద గీసి చూపించాడు. మనవడు హిందీలో చెప్పాడు. మేం మాట్లాడకుండా విన్నాం.

రిటైర్డ్_లెక్చరర్:
శీను చెప్పింది బాగుంది. ఆనంద్ గారూ, ఆమె ఇక్కడే పుట్టి ఉండవచ్చు, అది మనసులో పెట్టుకోండి. చెప్పడం ఇష్టం లేకపోతే స్వెట్టరు కొనుక్కుని వచ్చేయండి.

ఈ వినడం అనేదే శాక్య చేసిన ఇంకో పెద్ద పని. 33 ఏళ్లు జైళ్లలో, శ్రమ శిబిరాల్లో గడిపి 1992లో బయటపడి ఇండియా చేరిన పాల్డెన్ గ్యాత్సో అనే భిక్షువు చెప్పిందంతా ఆయన పుస్తకంగా తెచ్చారు. తనను హింసించిన విద్యుత్ లాఠీల వంటి పరికరాలను కూడా ఆ భిక్షువు బయటికి తెచ్చారు, సాక్ష్యంగా. అది చదివి పెద్ద చరిత్ర దగ్గరికి వస్తే అందులోని ప్రతి ఉత్తర్వు వెనకా ఒక శరీరం ఉందని గుర్తుంటుంది.

హిమగిరి:
పంచెన్ లామా విజ్ఞప్తి గురించి ఎవరైనా వివరంగా రాస్తారా? ఆయన చైనా మనిషే అని విన్నాను.

కాకతీయ_వాణి:
అందుకే అది అంత ముఖ్యమైనది. 10వ పంచెన్ లామా 1959లో చైనా వైపు ఉన్నారు. దలైలామా వెళ్లిపోయాక పెద్ద పదవిలో కూర్చున్నారు. తర్వాత ఊళ్లు తిరిగారు. 1962లో చైనా ప్రభుత్వానికి 70,000 అక్షరాల విజ్ఞప్తి రాశారు. జనం ఆకలితో చచ్చిపోతున్నారు, మఠాలు ఖాళీ అయ్యాయి, అరెస్టులకు అంతు లేదు అని ఒక్కో అంశం విడమరిచి రాశారు. సోషలిజానికి విధేయుడిగానే రాశారు. మావో దాన్ని విషపు బాణం అన్నాడు. 1964లో బహిరంగ సభల్లో అవమానించారు, సాంస్కృతిక విప్లవంలో జైల్లో పెట్టారు, 1977 దాకా ఉంచారు. ఆ పత్రం బయటి ప్రపంచానికి 1990ల చివర్లో దొరికింది. లోపలివాడు, విధేయుడు, అధికార పత్రంలో రాసిన మాట. చరిత్రకారుడికి ఇంతకన్నా విలువైన సాక్ష్యం అరుదు.

ఆయన 1989 జనవరిలో షిగాత్సేలో చనిపోయారు. 1995 మేలో ఆయన పునర్జన్మగా దలైలామా గుర్తించిన ఆరేళ్ల పిల్లవాడిని చైనా తీసుకెళ్లిపోయింది, మళ్లీ బయట కనిపించలేదు. 2025 జూలైలో దలైలామా తన తర్వాత కూడా దలైలామాల పరంపర కొనసాగుతుందని, తర్వాతివారిని గుర్తించే అధికారం తన సంస్థకే ఉందని ప్రకటించారు కదా. ఆ ప్రకటన వెనక 1995 ఉంది.

అరుణపాఠకుడు:
ఇప్పుడు వెనక్కి వెళ్లి 1951, 52 అధ్యాయం మళ్లీ చదువుతున్నాను. సైన్యం దిగాక లాసాలో ధాన్యం ధరలు పెరగడం, తిండి దొరకక జనం గోల. చైనా అధికారుల ముందు లుఖాంగ్‌వా అనే ప్రధాని నిలబడి, ఇంతమంది సైనికుల్ని ఈ చిన్న ఊరు ఎలా పోషిస్తుందని అడుగుతాడు. టిబెట్ సైన్యాన్ని చైనా సైన్యంలో కలపడానికి ఒప్పుకోడు. ఇతను కూడా పైవర్గం మనిషే కదా. ప్రజాసంఘం పేరుతో జనం అర్జీ పట్టుకుని వీధిలోకి వస్తే వాళ్లకు ఇతని అండ ఉందా? ఆ ప్రజాసంఘంలో ఉన్నది ఎవరు?

రిటైర్డ్_లెక్చరర్:
చిన్న అధికారులు, వ్యాపారులు, మామూలు జనం. లుఖాంగ్‌వా, ఆయనతోటి ప్రధాని లోబ్‌సాంగ్ తాషి ఇద్దరికీ వాళ్ల మీద సానుభూతి ఉంది. చైనా ఒత్తిడి మీద 1952లో ఆ ఇద్దరినీ పదవి నుంచి దింపేశారు, ప్రజాసంఘాన్ని నిషేధించారు. లుఖాంగ్‌వా తర్వాత ఇండియా వచ్చేశారు. మీరు 1954 అధ్యాయానికి వెళ్లేముందు ఒకటి గమనించండి: వాళ్లను దింపమన్నది చైనా, దానికి ఒప్పుకున్నది దలైలామా. ఆయన ఎందుకు ఒప్పుకున్నారో ఆయన మాటల్లోనూ ఉంది, శాక్య దాన్ని ఎలా చూశారో చదివి రాయండి. అక్కడి నుంచి కొనసాగిద్దాం.